మార్తమ్మగారి ఖాళీ

పొద్దున లేవగానే మార్త మొదట చేసే పని, మంచం మీద ఎడమ పక్కకి జరగడం. రాత్రంతా ఆ పక్కనే ముడుచుకుని పడుకున్నా సరే, ఇంకొంచెం జరిగి, అప్పుడు కాళ్ళు కింద పెట్టేది. కుడి పక్కన, మంచానికీ కిటికీకీ మధ్య, ఖాళీ ఉండేది. దాన్ని తొక్కుకుంటూ దిగడం మర్యాద కాదు కదా మరి.

ఆ తరవాత కిరసనాయిలు స్టవ్వు వెలిగించి టీ పెట్టుకునేది. ఆ వేళకి కింద సందులో మిరపకాయల గోడౌన్లు తెరిచేవాళ్ళు. ఊళ్ళన్నీ కోడికూతతో లేస్తే బెజవాడ వన్ టౌన్లో ఆ సందు తుమ్ములతో లేస్తుంది. మార్త కూడా నాలుగు తుమ్మి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ట్యుటోరియల్ కాలేజీకి బయల్దేరేది. అక్కడ ఇంటర్ తప్పిన పిల్లలకి వేరుకీ కాండానికీ తేడా చెప్పేది. సాయంత్రం వచ్చి వంట చేసుకునేది. అంతే ఆమె రోజు.

గది చూడ్డానికి వచ్చిన నాడే ఇంటిగలావిడ సంపూర్ణమ్మగారు ఏదీ దాచకుండా చెప్పేసింది. గాలీ వెలుతురూ బాగా వస్తాయని, నీళ్ళు కింద పంపు దగ్గర పట్టుకోవాలని చెప్పి, ఆఖర్న కిటికీ వైపు చెయ్యి చూపించింది.

“అక్కడ మాత్రం ఒక ఖాళీ ఉందండీ. ఏమీ చెయ్యదు పాపం. సామాను పెడితే నిలవదు, అంతే. అందుకే అద్దె తగ్గించి చెబుతున్నా.”

ఎవరిదని మార్త అడిగింది. ఎవరిదో తెలియదట. సంపూర్ణమ్మగారి మామగారు ఆ ఇల్లు కొన్నప్పటికే ఉందట. వన్ టౌన్లో పాత ఇళ్ళు ఎరిగినవాళ్ళకి ఇందులో వింతేమీ లేదు. కొందరి దూలానికి పగులుంటుంది, కొందరి పెరట్లో నీళ్ళు ఉప్పగా ఉంటాయి, కొందరింట్లో ఖాళీ ఉంటుంది. పక్క గోడౌను బసవయ్యగారికీ ఒకటుంది. ఆయన బస్తాలు దాని చుట్టూ పేర్పించుకుంటాడు.

మనిషంత ఎత్తు, మనిషంత వెడల్పు ఉండేదది. కంటికి కనపడేదేమీ లేదు. కానీ అక్కడ దుమ్ము వాలదు. పైకప్పు కారితే చినుకులు దాని పక్కనుంచి పడతాయి. కుర్చీ వేస్తే పొద్దున్నకి జరిగి ఉంటుంది. చీకట్లో ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే ఎలా ఉంటుందో, చెయ్యి పెడితే అలా ఉంటుంది.

అసలు మన తెలుగులో ఈ మాటకి సిగ్గూ ఎగ్గూ లేదండీ. గది అద్దెకుంటే ఖాళీ, బస్సులో సీటుంటే ఖాళీ, ఆఫీసులో ఉద్యోగముంటే ఖాళీ. ఆ ఉద్యోగం దొరకని మనిషి కూడా ఖాళీయే. మార్తని చూసినవాళ్ళందరూ అదే అడిగేవాళ్ళు. ఆదివారం ఫాదరుగారి పూజ అయ్యాక గుడి బయట చెప్పులేసుకుంటూ అడిగేవాళ్ళు, “ఇంకా ఖాళీగానే ఉన్నావామ్మా?” అని. ట్యుటోరియల్లో పాఠాలు చెప్పడాన్ని వాళ్ళు ఉద్యోగం కింద జమకట్టలేదు. ఆమె కూడా కట్టలేదనుకోండి, అది వేరే సంగతి.

ఉయ్యూరు దగ్గర పల్లెటూళ్ళో చర్చి ఉపదేశి శౌరయ్యగారి ఒక్కగానొక్క కూతురు మార్త. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి కూతురి చదువు చూసుకుని మురిసిపోయేవాడు గానీ, ఆ చదువేమిటో ఆయనకి ఎప్పుడూ బోధపడలేదు. చౌడు నేలల్లో పెరిగే గడ్డి మీద పరిశోధన చేసిందామె. ఉప్పు పేరుకుని వరి చచ్చిపోయిన చోట ఏ గడ్డి ముందు మొలుస్తుంది, అది ఉప్పుని ఎట్లా ఓర్చుకుంటుంది, దాని వెనక నేల ఎన్నాళ్ళకి తేరుకుంటుంది, ఇదీ ఆమె పని. డాక్టరేటు పట్టా చేతికొచ్చిన ఏడే శౌరయ్యగారు పోయాడు. పెళ్ళి మాట ఎత్తేవాళ్ళు ఎత్తి ఎత్తి అలిసిపోయారు. ఆమె గడ్డి గురించి మాట్లాడాలంటే ఈ భూమ్మీద వినేవాళ్ళు లేకుండా పోయారు.

అందుకని ఖాళీతో మాట్లాడేది. మొదట్లో ఏదో గొణుక్కున్నట్టు మొదలైంది. తరవాత్తరవాత అన్నం వార్చుకుంటూ, అన్నం తింటూ, పక్క పరుచుకుంటూ కూడా మాట్లాడేది. ఖాళీ మధ్యలో అడ్డం రాదు, ఆవలించదు, పెళ్ళెప్పుడని అడగదు. కొన్నాళ్ళకి ఆమెతో బయటికి రావడం మొదలెట్టింది. ఆమె మెట్లు దిగుతుంటే పక్కన చోటు వదిలేది, అది ఆ చోట్లోకి వచ్చేది. మార్కెట్లో తోసుకునే జనం కూడా ఇద్దరు మనుషుల మేర దారి వదిలి నడిచేవాళ్ళు. గుళ్ళో ఆమె పక్కన చాప మీద ఒకరు పట్టేంత చోటు ఎప్పుడూ మిగిలిపోయేది. హాయిగానే ఉండేది. కానీ ఒకటి చెప్పుకోవాలి. దాంతో తిరగడం మొదలెట్టాక మనిషన్నవాడి భుజం ఆమెకి తగిలి ఎరగదు.

ఉప్పెన వచ్చి వెళ్ళాక మార్త మట్టి తేవడానికి దివిసీమ వెళ్ళింది. ఇళ్ళున్న చోటల్లా ఖాళీలు నిలబడి ఉన్నాయి. పెద్దవీ చిన్నవీ, వరసగా. ఆమె ఖాళీ వాటి మధ్యలోంచి మెల్లగా నడిచింది. సముద్రపు నీళ్ళెక్కిన చేలు తెల్లగా మెరుస్తున్నాయి. ఒక రైతు ఆమె చేతిలో మట్టి సంచి చూసి, ఇందులో మళ్ళీ ఏమైనా మొలుస్తుందా తల్లీ అని అడిగాడు. తెలుసుకుని చెబుతానంది మార్త. ఆ మాట అన్నప్పటినుంచీ ఆమెకి నిద్ర సరిగ్గా పట్టలేదు. తెలుసుకోవాలంటే ప్రయోగశాల కావాలి, తూకాలు కావాలి, చెయ్యి పెట్టనిచ్చే చోటు కావాలి. ట్యుటోరియల్ కాలేజీలో ఒక బెత్తమూ సుద్దముక్కలూ తప్ప ఏమున్నాయి?

సరిగ్గా అప్పుడే పేపర్లో ప్రకటన పడింది. ఏటి అవతల, తెనాలి దారిలో కొత్తగా పెట్టిన యూనివర్సిటీలో, డాక్టరేటు అయినవాళ్ళు ఇంకా పరిశోధన చేసుకోడానికి అన్ని శాఖల్లోనూ ఖాళీలు ఉన్నాయట. ముప్పై అయిదేళ్ళు దాటకూడదట. మార్తకి ఆ ఏడుతో ముప్పై అయిదు నిండుతాయి. ఇది తప్పితే ఇక అడగడానికి కూడా ఉండదు.

ఇంటర్వ్యూకి తెనాలి బస్సెక్కింది. జనం కిటికీల్లోంచి కూడా ఎక్కుతున్నారు. కండక్టరు వెనకనుంచి, ముందర ఖాళీ ఉంది జరగండి జరగండి అని ఒకటే కేక. ఒకాయన జరగబోయాడు, నిలవలేక వెనక్కి వచ్చాడు. ఇంకొకాయనా అంతే. కండక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చి చూసి, “ఎవరిదమ్మా ఇది?” అన్నాడు. నాతో వచ్చిందండీ అంది మార్త. ముందే చెప్పొద్దూ అని విసుక్కుని, దానికీ ఒక టికెట్ కొట్టి వెళ్ళిపోయాడు.

ఇంటర్వ్యూ బాగా జరిగింది. మిగతావాళ్ళని పావుగంటలో పంపేసిన పెద్దలు మార్తని గంటసేపు కూర్చోబెట్టారు. ఆమె గడ్డి గురించి చెబుతుంటే నలుగురు మనుషులు, నిజం మనుషులు, తలలూపుతూ విన్నారు. బయటికి వచ్చి వరండాలో స్తంభం పక్కన ఖాళీ దగ్గర నిలబడి, జరిగిందంతా దానికి చెప్పింది.

సాయంత్రం ఆఫీసులోకి పిలిచారు. సూపరింటెండెంటు రామకోటేశ్వరరావుగారు చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించి, అప్పుడు చెప్పాడు.

“సెలక్టయ్యారమ్మా. మీ శాఖలో ఫస్టు మీరే. కానీ ఖాళీ లేదు.”

అన్ని శాఖల్లోనూ ఉన్నాయని వేశారు కదండీ అంది మార్త. వేశామన్నాడాయన. వచ్చిన మంజూరు మాత్రం అన్నిటికీ కలిపి వచ్చిందట. అక్షరక్రమంలో పంచుకుంటూ పోయారట. అర్థశాస్త్రం, గణితం, చరిత్ర, తెలుగు, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం. అక్కడికి అయిపోయాయి. ఆమెది వృక్షశాస్త్రం. ‘వ’ మరీ చివరికి పోయింది. నిరుటిదాకా అయితే ఇంగ్లీషులోనే రాసుకునేవాళ్ళం, అప్పుడు బాటనీకే మొదటి నంబరు దక్కేది, ఇప్పుడు ఆఫీసు పనంతా తెలుగులోనే జరపమని ఆర్డరొచ్చింది, ఏం చెయ్యమంటారు అని ఆయన కూడా నొచ్చుకున్నాడు.

“ఎక్కడైనా ఒక ఖాళీ చూపించండి. ఇప్పుడే ఆర్డరు టైపు చేయిస్తాను.”

ఆఫీసుల్లో అందరూ అనే మాటే అది. ఎవరూ ఏమీ చూపించలేరని తెలిసే అంటారు. మార్త వరండా వైపు చూసింది. తరవాత మెల్లగా అంది, “నా దగ్గర ఒకటుందండీ.”

ఆయన కళ్ళజోడు పైనుంచి వరండాలోకి చూశాడు. ఆకులు గాలికి దొర్లుకుంటూ వచ్చి స్తంభం పక్కన ఆ చోటు తప్పుకుని పోతున్నాయి. లేచి వెళ్ళి దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. ఎంత పాతదని అడిగాడు. మా ఇంటిగలావిడ మామగారు ఇల్లు కొనకముందు నుంచీ ఉందటండీ అని చెప్పింది.

“అయితే తెల్లవాళ్ళ నాటిది. దీనికి మళ్ళీ మంజూరు అక్కర్లేదు. ఇంటిగలావిడతో ఒక మాట చెప్పి, ఆవిడ సరేనంటే సోమవారం తీసుకొచ్చెయ్యండి.” కుర్చీలో కూర్చున్నాక ఇంకో మాట కూడా అన్నాడు. “ఒకటి ఆలోచించుకోండమ్మా. ఒకసారి భర్తీ అయితే ఇక ఖాళీ ఉండదు. తిరిగివ్వడమంటూ లేదు.”

ఇంటికొచ్చేసరికి సంపూర్ణమ్మగారు గడప దగ్గర పీట వేసుకుని వెల్లుల్లి ఒలుస్తోంది. మార్త ఆమె ఎదురుగా కింద కూర్చుని ఉన్నదంతా చెప్పింది. ఆమె ఒలవడం ఆపలేదు. నాకేం పని దాంతో, శుభ్రంగా తీసుకెళ్ళండి, గది అద్దె మాత్రం ఇక మామూలుగా ఇవ్వాలి అంది. అది నవ్వుతూనే అంది. కాసేపయ్యాక తలెత్తింది.

“మరి సాయంత్రాలు ఎవరితో మాట్లాడతారు మార్తమ్మగారూ?”

మార్తకి మొహం కందిపోయింది. “కిందికి వినపడుతుందా పిన్నిగారూ?”

“పాత కర్రల కప్పు. గుసగుసలాడినా వినపడుతుంది. రోజూ ఆ వేళకి ఇక్కడే పీట వేసుకునేదాన్ని. గడ్డి సంగతి నాకేం తెలుస్తుంది? పైన గొంతు వినపడుతుంటే ఇంట్లో మనుషులున్నట్టుండేది.”

“ఒకసారైనా పైకి రాకపోయారా?”

“మీకు తోడుంది కదా అనుకున్నాను.”

ఒక ఇంట్లో నాలుగేళ్ళు ఇద్దరు ఆడవాళ్ళు ఒంటరిగా ఉన్నారు, మధ్యలో పాత కర్రల కప్పు. మార్త వెల్లుల్లి పాయలు కొన్ని తీసుకుని ఒలిచింది. దీపాలవేళ దాకా ఒలుస్తూనే ఉంది.

ఆదివారమంతా ఆమె ఖాళీతో ఆ మాట ఎత్తలేకపోయింది. ఎలా చెబుతుంది? నిన్ను తీసుకెళ్ళి ఒక కుర్చీలో కూర్చోబెట్టి, నీమీద నేను కూర్చుంటానని చెప్పాలా? మంచం అంచున కూర్చుని కిటికీ పక్క చూసుకుంటూ ఏడ్చింది. వద్దులే, ఈ ట్యుటోరియలే నయం, మనిద్దరం ఇలాగే ఉందాం అని పైకే అంది. అన్నాక ఆ రైతు అడిగిన మాట గుర్తొచ్చింది. మళ్ళీ ఏడ్చింది.

సోమవారం పొద్దున లేచి, అలవాటుగా ఎడమ పక్కకి జరిగి కాళ్ళు కింద పెట్టింది. కిటికీ పక్కన నేల మీద సన్నటి దుమ్ము వాలి ఉంది. ఖాళీ అక్కడ లేదు. తలుపు దగ్గర, గడపకి ఇవతల, బయల్దేరడానికి సిద్ధంగా నిలబడి ఉంది.

మార్త తొందరగా తయారై, దివిసీమ మట్టి సంచులు భుజానికి తగిలించుకుంది.

వృక్షశాస్త్ర శాఖ రెండో అంతస్తు చివర. అక్కడ ఒక బల్ల, ఒక కుర్చీ, గాజు సీసాల బీరువా, చేలవైపు తెరుచుకునే కిటికీ ఉన్నాయి. రామకోటేశ్వరరావుగారు స్వయంగా ఆర్డరు పట్టుకొచ్చాడు. కుర్చీ వేయించి, ఇటు రమ్మన్నట్టు చెయ్యి చూపించాడు. ఖాళీ వచ్చి కుర్చీలో కుదురుకుంది. ఆయన దాని ముందు రెండు క్షణాలు నిలబడి చూసి, ఖాళీ ఉన్నది అని రాసుకున్నాడు. ఇక జాయినవ్వండి అన్నాడు.

మార్త కదలలేదు. కాసేపు ఆగొచ్చా అని అడిగింది. సాయంత్రం ఆఫీసు మూసేలోపల ఎప్పుడైనా ఫరవాలేదని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఆమె కుర్చీ ఎదురుగా నిలబడే ఉంది. మొదట్నుంచీ మొదలెట్టి అన్నీ చెప్పుకొచ్చింది. నాన్న సంగతి, గడ్డి సంగతి, గుడి బయట అడిగే మాటలకి ఏ జవాబు చెప్పాలని ఉండేదో ఆ సంగతి. గొంతు తగ్గించలేదు, ఎవరైనా వింటే వినని. చెప్పాల్సింది అయిపోయింది. ఉంటాను అంది. వెనక్కి తిరిగి, చీర సర్దుకుని, కుర్చీలో కూర్చుంది.

ఒక్క క్షణం ఒళ్ళంతా చల్లబడింది. వీపుకీ భుజాలకీ మెడకీ ఎవరో అతి జాగ్రత్తగా చోటిచ్చినట్టయింది. కుట్టించిన రవికలాగా సరిపోయింది. తరవాత ఇంకేమీ లేదు. చెక్క కుర్చీ, దాని చేతుల మీద గీతలు, అంతే. ఎడమ పక్కకి చూసింది, కుడి పక్కకి చూసింది. గాలికి బీరువా మీది దుమ్ము లేచి వచ్చి ఆమె చుట్టూ అన్నివైపులా సమానంగా వాలింది.

సాయంత్రం రామకోటేశ్వరరావుగారు వచ్చి భర్తీ అయినది అని రాసుకున్నాడు. ఏమైనా ఇబ్బందా అమ్మా అని అడిగాడు. ఏం లేదండీ అంది. అప్పటికే మొదటి సంచిలో మట్టి బల్ల మీద గుమ్మరించి, అందులోంచి ఉప్పు గడ్డి వేళ్ళు విడదీస్తోంది. చేతులు పని చేస్తున్నాయి గానీ కళ్ళనిండా నీళ్ళే.

తిరిగొచ్చేటప్పుడు తెనాలి నుంచి బందరు పోయే బస్సు దొరికింది. సీటు అంచున కూర్చుని అలవాటు కొద్దీ పక్కన చోటు వదిలింది. మరునిమిషంలో ఒక పెద్దావిడ, ఖాళీయేగా అమ్మాయ్ అంటూ వచ్చి ఆ చోట్లో చతికిలబడింది. మార్త ఉలిక్కిపడింది. ఆవిడ మోచెయ్యి మార్త డొక్కకి ఆనుకుంది, ఒళ్ళో పెట్టుకున్న మూట సగం మార్త ఒళ్ళోకి వచ్చింది. నిలబడ్డవాళ్ళ బరువంతా ఈ వైపు భుజం మీద పడుతోంది. ఎంత వేడిగా ఉంటారో మనుషులు, మర్చిపోయింది మార్త. ఊపిరాడనట్టయింది. లేచి దిగిపోదామా అనిపించింది. కూర్చుంది.

బారేజీ మీదికి వచ్చేసరికి పెద్దావిడ నిద్రలోకి జారిపోయింది. తల ఒకసారి ముందుకి ఊగింది, ఒకసారి వెనక్కి ఊగింది, చివరికి మార్త భుజం మీదికి ఒరిగి అక్కడ స్థిరపడింది. ఆముదం వాసన, చెమట వాసన, కొద్దిగా గురక. ఆ తల బరువుకి మార్త భుజం నొప్పెట్టడం మొదలెట్టింది. ఆమె కదల్లేదు. ఊపిరి కూడా మెల్లగా తీసింది.

బస్టాండులో సగం బస్సు దిగిపోయింది. ఇప్పుడు బస్సునిండా సీట్లు ఖాళీ. కండక్టరు వచ్చి, “అమ్మా, మీది బెజవాడేగా? దిగండి మరి” అన్నాడు.

మార్త కళ్ళతోనే పెద్దావిడని చూపించింది. ఈవిడ ఎక్కడిదాకా అని అడిగింది. ఉయ్యూరన్నాడు. లేపేస్తానుండండి అంటూ చెయ్యి చాపాడు.

“వద్దండీ,” అంది మార్త, గొంతు బాగా తగ్గించి. “నాకూ ఉయ్యూరికి ఒకటి కొట్టండి.”